పెద్ద డాక్టరుగారి కుడిచెయ్యి

ఆ వార్డుకి టీమ్‌వర్క్ ట్రైనింగ్ వచ్చి పడడానికి కారణం వాళ్ళు నిజం చెప్పడమే. పైవాళ్ళు అన్ని వార్డులకీ ఒక ప్రశ్నల కాగితం పంపారు. "మీరు మీ తోటి ఉద్యోగులతో గొడవ పడతారా?" అన్నది అందులో ఒక ప్రశ్న. గుండె వార్డువాళ్ళు, ఎముకల వార్డువాళ్ళు లోకం తెలిసినవాళ్ళు కనక "ఎప్పుడూ లేదు" దగ్గర టిక్కు పెట్టి పంపేశారు. ఎముకల వార్డులో ఇద్దరు సర్జన్లు లిఫ్టులో ఎదురుపడితే ఒకాయన దిగిపోయి మెట్లెక్కుతాడని ఆసుపత్రి గోడలకి కూడా తెలుసు. మానసిక వైద్యం వార్డువాళ్ళు మాత్రం, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని రోగులకి చెప్పీ చెప్పీ చివరికి తామే నమ్మేసినవాళ్ళు. అందరూ కూడబలుక్కున్నట్టు "రోజూ" దగ్గర టిక్కు పెట్టారు. పెద్ద డాక్టరుగారికి టిక్కు చాలలేదు. పక్కన "ఒక్కోరోజు రెండుసార్లు" అని రాసి సంతకం కూడా చేశారు.

మనసు తేలికపడిందో లేదో గాని, నెల తిరక్కుండానే ఉత్తర్వు దిగింది. ఆ వార్డులో నాయకత్వం లేదు, ఐకమత్యం లేదు, ఒక శనివారం మొత్తం కూర్చోబెట్టి రెండూ నేర్పిస్తాం, ఎవరూ ఎగ్గొట్టడానికి వీల్లేదు అని దాని సారాంశం.

నిజానికి ఆ గొడవల్లోనే ఆ వార్డు నడిచేది. పొద్దున్నే టీ బల్ల చుట్టూ అందరూ నిలబడేవారు. పెద్ద డాక్టరుగారిది కంచు కంఠం. హెడ్ నర్సుని అందరూ సిస్టరమ్మ అంటారు, ఆవిడ గొంతు ముందు ఆ కంచు కాస్తా మూగబోయేది.

"కిటికీ పక్క మంచం ఆయనకి మందు పెంచాను" అనేవారు డాక్టరుగారు.

"పెంచండి, మీ సొమ్మేం పోయింది! రాత్రి మంచం మీంచి దొర్లిపడితే లేపడానికి మీరొస్తారా?"

"పడితే నన్నడుగు!"

"పడ్డాక అడిగేదేముంది, ముందే అడుగుతున్నా!"

కప్పుల్లో టీ చల్లారేలోగా ఆవేళ ఎవరికి ఏం చెయ్యాలో తేలిపోయేది. మందు సగం పెరిగేది, మంచం పక్కన అడ్డుకమ్మీ వెలిసేది. తర్వాత ఇద్దరూ ఏమీ జరగనట్టు చెరో బిస్కెట్టు తిని ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. దీన్నే పైవాళ్ళు ఐకమత్యం లేకపోవడం అన్నారు.

ఆ గొడవల్లో తలదూర్చనివాడు సైకాలజిస్టు ఒక్కడే. దూదిలాంటి గొంతు. రోగికి సలహా చెప్పకూడదు, అతని మాటే మెత్తగా అతనికి తిరిగి అప్పగించాలి అనేది అతను వార్డుకి నేర్పిన విద్య. "నాకు నిద్ర పట్టడం లేదండీ" అంటే "అంటే రాత్రుళ్ళు మీకు కష్టంగా గడుస్తోందన్నమాట" అనాలి. పద్ధతి మంచిదే. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ వినని మనిషికి తన మాట తనకి వినబడితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. చిక్కల్లా ఏమిటంటే, అలవాటు ముదిరిపోయి వార్డులో చాలామంది అందరితోనూ అలాగే మాట్లాడసాగారు. క్యాంటీను అబ్బాయి చిల్లర లేదంటే "అంటే నీకు ఇబ్బందిగా ఉందన్నమాట" అని జాలిగా చూసేవారు. రోగులు వాళ్ళకి 'అన్నమాటవాళ్ళు' అని పేరు పెట్టుకున్నారు.

ఈ తెగులు అందరికంటే ఎక్కువగా అంటుకున్నది ఫోనక్కకి. ఆవిడ ఆ వార్డు సోషల్ వర్కరు. నయమైనవాళ్ళని ఇంటికి తీసుకెళ్ళమని బంధువుల్ని ఫోన్లో బతిమాలడం ఆవిడ ఉద్యోగం. మెట్ల మలుపులో ఒక బల్ల, ఒక ఫోను, ఎడం చెవి మీద ఎప్పుడూ చెరగని ఎర్రటి ముద్ర. ఇంట్లో ఒకరోజు భర్త కూరలో ఉప్పు తక్కువైందంటే "అంటే నీకు అసంతృప్తిగా ఉందన్నమాట" అంది. ఆయన చెంచా కింద పెట్టి, "దాని సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు ఆ ఉప్పు డబ్బా ఇటు పడెయ్" అన్నాడు.

ఉత్తర్వు చూడగానే ఫోనక్క క్యాలెండరు తిప్పి చూసింది. సరిగ్గా ఆ శనివారమే మూడింటికి గడియారాలాయన వస్తానన్నాడు.

గడియారాలాయన చెల్లెల్ని వార్డులో అందరూ చెల్లమ్మ అంటారు. నలభై దాటిన మనిషి. జబ్బు ముదిరిన రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు దారివ్వండని వచ్చే బళ్ళనీ పోయే బళ్ళనీ ఆపేసింది. ఆ జబ్బు ఎప్పుడో చల్లబడింది. ఇప్పుడు వేళకి మాత్ర వేసుకుంటుంది, పక్క మంచాల వాళ్ళకి దుప్పట్లు మడత పెడుతుంది, పెద్ద డాక్టరుగారు రౌండ్సులో ఒకే రోగిని రెండుసార్లు చూస్తుంటే "ఆయన్ని ఇందాకే చూశారండీ" అని గుర్తుచేస్తుంది. ఆమెకి బాగా లేనిది ఒక్కటే, అది అన్నయ్య గుండె ధైర్యం.

అతను వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం సన్నని పళ్ళచక్రాలు చూసే మనిషి, పెద్దదేది ఎదురైనా బెదిరిపోతాడు. ఆనాటి హారన్ల మోత ఇప్పటికీ అతని చెవుల్లోంచి పోలేదు. ఫోనక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒక సాకు. కొట్టుకి రంగులేయిస్తున్నాం, వానలు తగ్గనివ్వండి, మా ఆవిడకి నడుం నొప్పి. ఆ ఆవిడకే ఫోన్ చేస్తే, "నాకు నడుమూ బాగానే ఉంది, గదీ ఖాళీగానే ఉంది, ముందు ఆయన్ని కదపండి" అంది. ఒక్కో సాకునీ విని, మెత్తగా తిరిగి అప్పగించి, నెలల తరబడి వెంటబడితే చివరికి అతను నోరు విప్పాడు.

"శనివారం మూడింటికి వస్తాను మేడం. ఒక్కసారే ధైర్యం చేస్తున్నా. అటూ ఇటూ అయిందంటే మళ్ళీ నావల్ల కాదు, నన్ను పిలవకండి."

మళ్ళీ పిలవడానికి వ్యవధి కూడా లేదు. నయమై ఇంటికి పోనివాళ్ళని ఆ నెలాఖరుకి వెనక భవనానికి మార్చేస్తున్నారు. వెనక భవనంలో మంచాలున్నాయి, భోజనం ఉంది, ఫోను మాత్రం లేదు. అక్కడినుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళని ఫోనక్క ఇంతవరకు చూడలేదు.

చెల్లమ్మ రోజూ సాయంత్రం మెట్ల మలుపు దగ్గరికొచ్చి అడిగేది. "అన్నయ్య వస్తాడా అక్కా?"

"అంటే అన్నయ్య రావాలని నీకు బాగా ఉందన్నమాట."

చెల్లమ్మ ఆవిడ మొహంలోకి చూసి, "అవును, అందుకేగా అడిగాను" అనేది.

శనివారం పొద్దున్న వార్డుని ఒక ఆయాకీ, పక్క వార్డునుంచి అరువు తెచ్చిన ఒక నర్సుకీ అప్పగించి అందరూ మీటింగ్ హాల్లో చేరారు. ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన కోచ్ పాతికేళ్ళవాడు, తెల్ల బూట్లు, నిద్రలో కూడా చెరగదేమో అనిపించే నవ్వు. అంతకుముందు ఒక బిస్కెట్ కంపెనీలో అమ్మకాలవాళ్ళకి పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఆ పాఠాల్లోనే 'కస్టమర్' అన్నచోటల్లా 'రోగి' అని మార్చి పట్టుకొచ్చాడు. దాంతో, "రోగి మళ్ళీ మళ్ళీ మన దగ్గరికే రావాలంటే ఏం చెయ్యాలి?" అన్న వాక్యం గోడంత అక్షరాలతో తెర మీద పడింది. సిస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్ద డాక్టరుగారు మాత్రం నిజంగానే ఆలోచనలో పడ్డారు.

కోచ్ మొదటి పనిగా ఒక వెదురు బుట్ట తిప్పి అందరి ఫోన్లూ వేయించుకుని వేదిక మీద పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరి గుండెకీ 'నేనే నాయకుణ్ణి' అని రాసిన కాగితం పువ్వు అంటించాడు. ఆ తర్వాత 'కాదు', 'కుదరదు' అనే రెండు మాటల్ని ఆరోజుకి నిషేధించాడు.

"ఇక్కడ ఎవరూ ఎవరికీ పైనా లేరు, కిందా లేరు. ఏ నిర్ణయమైనా అందరూ కలిసే తీసుకోవాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆగిపోవాలి. సరేనా?"

అందరూ సరే అన్నారు. కాదనడానికి లేదుగా మరి. కాసేపటికి ఫ్యాను కిర్రుమని అరవడం మొదలుపెట్టింది. మామూలు రోజైతే సిస్టరమ్మ లేచి ఒక్క దెబ్బ వేసేది. ఆవేళ గదినిండా నాయకులే కనక, దాన్ని ఆపుదామా వద్దా అని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ మధ్యాహ్నం దాకా ఆ కిర్రు కిందే కూర్చున్నారు.

ఫోనక్క పొద్దున్నే చెయ్యెత్తింది. "ఒక చిన్న మనవండీ. ఇవాళ మూడింటికి చెల్లమ్మ వాళ్ళ అన్నయ్య వస్తున్నాడు. పంపాలంటే ఆయన ఎదుట డాక్టరుగారు సంతకం పెట్టాలి, సిస్టరమ్మ మందులివ్వాలి. ఆ కాసేపు మమ్మల్ని వదలాలి."

కోచ్ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. "చూశారా! టీమ్‌ని వదిలి ఒక్కరే పని మీదేసుకోవడం. దీని గురించి మిగతా నాయకులు ఏమంటారు?"

సైకాలజిస్టు ముందుకి వంగి దూది గొంతుతో అన్నాడు. "అంటే ఫోనక్కా, మీరు లేకపోతే ఏదీ జరగదేమోనని మీకు ఆందోళనగా ఉందన్నమాట."

"ఆందోళన కాదండీ, ఆయన మూడింటికి..."

"'కాదు' వద్దు" అని కోచ్ వేలు చూపించాడు.

"చాలా రోజులుగా చూస్తున్నానమ్మా, భారమంతా నువ్వే మోస్తున్నావు" అన్నారు పెద్ద డాక్టరుగారు, నిజమైన ప్రేమతోనే.

ఒక నర్సు లేచొచ్చి ఫోనక్క భుజం నిమిరింది. అందరూ ఆవిడని పూర్తిగా అర్థం చేసుకున్నారు. ఎంతలా అర్థం చేసుకున్నారంటే, కూర్చున్నచోటినుంచి ఒక్కరు కదిలితే ఒట్టు. రెండున్నరకల్లా అయిపోతుందని కోచ్ హామీ ఇచ్చాడు.

భోజనాల దగ్గర ఫోనక్క సిస్టరమ్మని పక్కకి లాగింది. సిస్టరమ్మైతే ఆ హాలు తలుపు విరగ్గొట్టైనా బయటపడుతుందని ఆవిడ ఆశ. కానీ సిస్టరమ్మ మీద అప్పటికే పైవాళ్ళకి నాలుగు ఫిర్యాదులున్నాయి, నోరు అదుపులో లేదని. ఆవేళైనా మంచి అనిపించుకోవాలని ఆవిడ గట్టిగా అనుకుని వచ్చింది.

"నువ్వు కంగారుపడుతున్నావన్నమాట" అంది సిస్టరమ్మ, అలవాటు లేని మెత్తని గొంతుతో.

ఆ మాట సిస్టరమ్మ నోట వినేసరికి ఫోనక్కకి ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రాలు మెట్ల మలుపులో నిలబడ్డ చెల్లమ్మ మొహం గుర్తొచ్చింది. కొంప మునుగుతోందని చెబితే "మునుగుతోందన్నమాట" అని తలూపే మనిషి ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో ఆవిడకి మొదటిసారి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ పని చేసింది తనేనని తలుచుకుని సిగ్గుపడింది.

రెండున్నరకి అయిపోతుందన్నది అప్పుడే మొదలైంది. దాని పేరు ముడి ఆట. అందరూ గుండ్రంగా నిలబడి, చేతులు లోపలికి చాచి, ఎదుటివాళ్ళలో ఒకరి కుడిచెయ్యి, వేరొకరి ఎడంచెయ్యి దొరకబుచ్చుకోవాలి. అప్పుడు పడ్డ ముడిని, పట్టు వదలకుండా, దూరుతూ దాటుతూ విప్పుకోవాలి.

"ఒక్కటే నియమం" అన్నాడు కోచ్. "ఏం జరిగినా సరే చేతులు వదలకూడదు. వదిలినవాళ్ళు టీమ్‌ని వదిలినట్టే. నా రిపోర్టులో అదే రాస్తాను."

బిస్కెట్లమ్మేవాళ్ళు ఈ ముడిని క్షణాల్లో విప్పేస్తారట. వాళ్ళలో ఎవడో ఒకడు "నువ్వు వంగు, నువ్వు దాటు" అని అరుస్తాడు గాబోలు. ఇక్కడ అరిచేవాళ్ళిద్దరూ నోరు కట్టేసుకున్నారు. మందుల కౌంటరాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సిస్టరమ్మ ఒక కాలు సైకాలజిస్టు చేతి మీదుగా వేసి, రెండో కాలు ఎటు వెయ్యాలో తెలియక ఆగిపోయింది. ఆవిడ వంగాలా, సైకాలజిస్టు లేవాలా అన్నది అందరూ కలిసి నిర్ణయించాలి.

"సిస్టరమ్మ వంగితే ఆవిడకి చిన్నతనంగా ఉంటుందేమో" అన్నాడు సైకాలజిస్టు కిందనుంచి.

"నాకేం చిన్నతనం లేదు. మీకు లేవాలనుందా?" అంది సిస్టరమ్మ పైనుంచి.

"నాకేం కావాలన్నది ముఖ్యం... అంటే, మీకు ఏది సౌకర్యంగా ఉంటే..."

ఫోనక్క ఎడంచెయ్యి సిస్టరమ్మ పట్టులో ఉంది, కుడిచెయ్యి ఒక నర్సు పట్టులో. గోడ గడియారం ఆవిడ వీపు వెనక ఉంది. ఎదురుగా వేదిక మీద వెదురు బుట్ట మాత్రం కనిపిస్తోంది. అందులో ఒక ఫోను వెలిగింది. గొంతు నొక్కేసిన ఫోను, బుట్టలో గిజగిజలాడి ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. అది తనదేనని ఆవిడకి తెలుసు. అతను వచ్చేశాడు. కింద నిలబడి ఫోన్ చేస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు.

"ఆయన వచ్చాడండీ! నాకే ఫోన్ చేస్తున్నాడు!"

"మంచి పరీక్ష!" అన్నాడు కోచ్ చప్పట్లు కొట్టి. "సరిగ్గా ఇలాంటప్పుడే చేతులు వదలాలనిపిస్తుంది. వదలకండి!"

"డాక్టరుగారూ, మీరైనా చెప్పండి!"

పెద్ద డాక్టరుగారు ఎవరి చంక కిందనుంచో తల బయటికి పెట్టారు. కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది. "సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ నా కుడిచెయ్యి నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో తెలుసా?"

ఎవరికీ తెలియలేదు. అందరూ ఒకసారి తమ చేతిలో ఉన్న చేతిని నొక్కి చూశారు. ముగ్గురు "అబ్బా" అన్నారు గాని, ఆ ముగ్గురిలో డాక్టరుగారు లేరు.

ఫోనక్క చెయ్యి లాక్కుంటే ఒక్క క్షణం పని. ఆ మాట ఆవిడకీ తెలుసు. కానీ వదిలేస్తే సిస్టరమ్మ మీద ఐదో ఫిర్యాదు పడుతుంది, వార్డుకి చెడ్డ రిపోర్టు వెళుతుంది, వీళ్ళందరూ తన భుజం నిమిరినవాళ్ళు. మంచివాళ్ళ పట్టు విదిలించుకోవడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు అర్థమైంది. నిలబడ్డచోటే ఆ ఫోను వంక చూస్తూ ఉండిపోయింది. ఫోను ఇక వెలగలేదు.

తలుపు మీద 'లోపలికి రాకూడదు' అని కాగితం అంటించి ఉంది. ఆయా అది చూసి రెండుసార్లు వెనక్కి వెళ్ళిందట. మూడోసారి తలుపు తెరుచుకుంది. ముందు చెల్లమ్మ, చేతిలో సంచీ, తల నున్నగా దువ్వుకుని ఉంది. ఆమె వెనకాల భుజాలు ముడుచుకుని గడియారాలాయన.

"డాక్టరుగారు ఇక్కడున్నారని నేనే తీసుకొచ్చా" అంది చెల్లమ్మ.

గడియారాలాయన లోపలికి చూశాడు. నెలల తరబడి తనకి ధైర్యం చెప్పిన డాక్టర్లూ నర్సులూ ఒక్క ముద్దగా మెలికపడి, కొందరు నేలమీద, కొందరు ఒంటికాలి మీద ఉన్నారు. అతని మొహంలో మొదట భయం కనిపించింది. ఆ వెంటనే, ఫోనక్క ఏది చూడకూడదనుకుందో అదే కనిపించింది. హమ్మయ్య అన్నట్టు అతని భుజాలు జారాయి.

"పనిలో ఉన్నట్టున్నారు" అన్నాడు ఒక అడుగు వెనక్కి వేస్తూ. "ఫరవాలేదండీ, ఇంకోసారి వస్తాను."

చెల్లమ్మ కదల్లేదు. అన్నయ్య వంక చూసింది, ముడి వంక చూసింది. తర్వాత సంచీ కింద పెట్టి, ముడి దగ్గరికి నడిచొచ్చి, కిందపడ్డవాళ్ళకి కూడా మొహం కనబడేలా కాస్త వంగి, ఏళ్ళ తరబడి తను విన్న గొంతుతోనే మెత్తగా అంది.

"అంటే ఒకళ్ళనొకళ్ళు వదలాలంటే మీకు భయంగా ఉందన్నమాట."

ఫ్యాను కిర్రుమంది.

"తొందరేం లేదు" అంది చెల్లమ్మ. "మీకెప్పుడు సిద్ధంగా అనిపిస్తే అప్పుడే. నేనిక్కడే కూర్చుంటాను." అని ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె మొహంలో వెటకారం వీసమెత్తు లేదు. అదే భరించలేకపోయారు వాళ్ళు.

ముందు ఫోనక్క చేతులు లాగేసుకుంది. "వదలండి! ఛీ, వదలండి ముందు! ఆయన వెళ్ళిపోతున్నాడు!" అని అరిచిన అరుపుకి తనే ఉలిక్కిపడింది. ఆ విసురుకి ఒంటికాలి మీదున్న సిస్టరమ్మ వెళ్ళి సైకాలజిస్టు మీద పడింది, ఆయన కౌంటరాయన మీద పడ్డాడు, ముడి ముడంతా కుప్పకూలింది. ఆ కుప్పలోంచి పెద్ద డాక్టరుగారి కుడిచెయ్యి పైకి లేచింది. ఇంతసేపూ దాన్ని ఆయన ఎడంచెయ్యే పట్టుకుని ఉంది.

"అయ్యో, చేతులు! చేతులు!" అని కోచ్ గిలగిలలాడాడు.

"నీ చేతులు తగలెయ్య, అడ్డం లే!" అంది సిస్టరమ్మ. పొద్దున్నుంచి బిగపట్టిన గొంతు గట్టు తెగింది. "డాక్టరుగారూ! ఆమెకి రాత్రి మాత్ర సగం చేశారా లేదా?"

"చెయ్యలేదు! ఇంటికెళ్ళిన మొదటి నెల పూర్తిగానే ఉండాలి!"

"పూర్తిగా వేస్తే పొద్దున పది దాకా లేవదు! వాళ్ళ వదిన ఎన్నాళ్ళు ఊరుకుంటుంది?"

"పది దాకా పడుకుంటే ఏం కొంప మునిగింది?"

"మీ ఇంట్లో పడుకోండి మీరు!"

గడియారాలాయన గుమ్మంలో ఆగిపోయాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఫోనక్క పరుగున వెళ్ళి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అతనిలో భయం ఉందన్న సంగతి తిరిగి అతనికే అప్పగించబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

అతనే అడిగాడు. "మళ్ళీ జబ్బు వస్తే?"

ఇన్ని నెలల్లో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. సిస్టరమ్మ గొడవ మధ్యలోనే ఇటు తిరిగింది.

"వస్తే వస్తుంది! రాదని చెప్పడానికి మేమెవరం? నిద్ర తగ్గినా, మాత్ర వద్దన్నా వెంటనే తీసుకురా. నువ్వు ఆలస్యం చేశావో నేను తిడతాను, ఈయన నాకంటే గట్టిగా తిడతాడు, మళ్ళీ నయం చేసి పంపుతాం. అంతేగా!"

"అంతే!" అన్నారు పెద్ద డాక్టరుగారు. రోజంతటిలో వాళ్ళిద్దరూ ఏకీభవించింది అక్కడే. "మాత్ర ముప్పావు. ఏమంటావ్?"

"అది ముందే ఏడవొచ్చుగా!" అంది సిస్టరమ్మ.

గడియారాలాయన నుదురు తుడుచుకున్నాడు. "ఫోన్లో మీరంతా మరీ మెత్తగా మాట్లాడుతుంటే, నా దగ్గర ఏదో దాస్తున్నారనుకునేవాణ్ణి మేడం" అన్నాడు ఫోనక్కతో. "మీరిలా పోట్లాడుకుంటే కాస్త నమ్మకంగా ఉంది." తర్వాత కుర్చీ వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "ఏమ్మా, ఇంటికి వస్తావా?" అన్నాడు.

చెల్లమ్మ లేచి సంచీ అందుకుంది. "అందుకేగా తల దువ్వుకున్నా" అంది.

డాక్టరుగారు కోచ్ తెచ్చిన బిస్కెట్ల పెట్టె మీద కాగితం పెట్టి సంతకం చేశారు. గుండె మీది పువ్వు ఊడి దాని పక్కనే పడింది. మెట్ల దాకా అందరూ వెళ్ళారు. సైకాలజిస్టు కూడా, కుంటుతూ.

రిపోర్టు వారంలో వచ్చింది. "ఈ టీమ్ చేతులు పట్టి ఉంచుకోలేకపోయింది. ఒక రోగి మాత్రం అసాధారణమైన నాయకత్వ లక్షణాలు చూపింది" అని అందులో ఉంది. వార్డుకి మళ్ళీ రెండు రోజుల ట్రైనింగ్ వేశారు. సిస్టరమ్మ మీద ఐదో ఫిర్యాదు కూడా పడింది. ఆ కాగితాన్ని ఆవిడ టీ బల్ల మీద కప్పుల కింద పరిచింది. దాని చుట్టూ నిలబడే ఆ పూట ఆవిడా డాక్టరుగారూ కిటికీ పక్క మంచం గురించి పోట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం ఫోనక్క మెట్ల మలుపులో కూర్చుని గడియారాల కొట్టుకి ఫోన్ చేసింది. చెల్లమ్మే ఎత్తింది. వెనకాల టిక్కు టిక్కుమని సవాలక్ష చప్పుళ్ళు.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"ఆఁ. వదినే గుర్తుచేస్తోంది. అన్నయ్యకే కోపమొచ్చింది, నిన్నటినుంచీ నాతో మాట్లాడ్డం లేదక్కా."

అంటే అన్నయ్య మాట్లాడకపోతే నీకు బాధగా ఉందన్నమాట. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. ఫోనక్క ఎడం చెవినుంచి ఫోను కుడి చెవికి మార్చుకుంది.

"ఎందుకట? ఏం చేశావేంటి?"

"కొట్లో గోడ గడియారాలన్నీ ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంటే, అన్నీ ఒకే టైముకి పెట్టేశాను. ఏది బాగుచేశాడో, ఏది చెయ్యలేదో ఇప్పుడు ఆయనకి తెలీడం లేదట."

"మరి తెలీదుగా! అడక్కుండా ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? వెళ్ళి తప్పైందని చెప్పు. చెప్పి, రెంటినీ వేరు చేసేదాకా పక్కన కూర్చో. బుద్ధుండక్కర్లా?"

చెల్లమ్మ ఆ తిట్లన్నీ విని, గొంతు తగ్గించి, ఎంతో ఆదుర్దాగా అడిగింది.

"అక్కా, నువ్వేంటి ఇలా మామూలుగా మాట్లాడుతున్నావ్? ఒంట్లో బాగానే ఉందా నీకు?"